అప్పు తీరింది, ఇల్లు ఎవరిది?

(సినిమా రంగంలో పనిచేసే స్త్రీల కోసం కృష్ణానగర్‌లో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి అప్పుని గడువుకి ముందే ఎలా తీర్చుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. నేను బ్యాంకు ఉద్యోగిని కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. "ఈ పనికి ఒక ఆడిటర్‌ని పిలవచ్చు కదా" అన్నాను. దానికి మీలోనే ఒకామె, హెయిర్ డ్రెస్సర్‌గా పనిచేస్తున్నామె, "లెక్క ఆడిటరు చెబుతాడు మేడమ్, ఆ లెక్క మా ఇళ్ళలో ఎవరి చేతిలో ఉంటుందో ఆయన చెప్పడు కదా" అంది. ఆ మాట మీద వచ్చాను. కాబట్టి లెక్కా చెబుతాను, లెక్క చుట్టూ ఉన్నదీ చెబుతాను.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి ఇటు దిగుతూ చూస్తే ఎవరికైనా ఒక సంగతి తెలుస్తుంది. పైన కొండ మీద బంగళాలు, కింద కృష్ణానగర్, ఇందిరానగర్ ఇరుకు గదులు. పైన ఉన్న జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కూడా హౌసింగ్ సొసైటీల పేరుతో వచ్చినవే. పరిశ్రమ మద్రాసు నుంచి ఇక్కడికి తరలివస్తున్న రోజుల్లో పెద్దవాళ్ళకి స్థలాలు దొరికాయి. లైట్లు మోసినవాళ్ళకీ, గుంపులో నిలబడినవాళ్ళకీ దొరకడానికి చాలా ఏళ్ళు పట్టింది. నటుడు డాక్టర్ ఎం. ప్రభాకర్ రెడ్డి పేరుతో మణికొండ వైపు వచ్చిన చిత్రపురి కాలనీయే కార్మికుల ఇల్లు. దాని చుట్టూ నడిచిన వివాదాలు మీకు నాకంటే బాగా తెలుసు, ఇవాళ వాటి జోలికి పోను. ఒక్కటే అడుగుతాను. అక్కడ ఇల్లు రావాలంటే కార్డు ఉండాలి. ఇరవై నాలుగు క్రాఫ్టుల్లో ఆడవాళ్ళ చేతికి కార్డు దొరికేవి ఎన్ని? మేకప్ సంగతే చూడండి. ఆడవాళ్ళు జుట్టు దువ్వచ్చు గానీ మొహానికి రంగు వెయ్యకూడదని బొంబాయిలో యూనియన్ నియమం పెట్టుకుంది. చారు ఖురానా అనే ఆమె సుప్రీంకోర్టు దాకా వెళితే 2014 నవంబరులో గానీ అది చెల్లదని తీర్పు రాలేదు. పని దగ్గరే ఇంత అడ్డుంటే, జీతం చూసి అప్పిచ్చే బ్యాంకు దగ్గర మన స్థానం ఏమిటో ఊహించుకోవచ్చు.

ఇక లెక్కకి వస్తాను. కాగితం, పెన్ను ఉన్నవాళ్ళు రాసుకోండి.

20 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్ళ గడువు అనుకోండి. నెలకి సుమారు 17,995 రూపాయల వాయిదా. మొదటి నెల కట్టినదాంట్లో 15,000 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 2,995. ఏడాదంతా కష్టపడి 2 లక్షల 16 వేలు కడితే అసలు తగ్గేది ముప్ఫై ఏడున్నర వేలు. "ఇంత కడుతున్నా అప్పు అలాగే ఉందేంటమ్మా" అని మీరు అడిగేది ఇందుకే. బ్యాంకు మోసం కాదిది, వాయిదా పద్ధతి నడిచే తీరే ఇది. ముందు వడ్డీ, తర్వాత అసలు. ఇరవై ఏళ్ళూ అలాగే కడితే మొత్తం 43 లక్షలు దాటుతుంది, అంటే తీసుకున్నదానికంటే వడ్డీయే ఎక్కువ.

ఇప్పుడు నెలకి ఇంకో 2,000 కలిపి కట్టారనుకోండి. ఇరవై ఏళ్ళ అప్పు పదిహేనున్నర ఏళ్ళలో తీరుతుంది. మిగిలేది సుమారు 6 లక్షలు. నెలనెలా కుదరదు, ఒక సినిమా డబ్బు ఒకేసారి వచ్చింది అనుకుందాం. మొదటి ఏడాది చివర 50,000 కడితే పద్నాలుగు నెలల పైన వాయిదాలు తప్పుతాయి, కట్టిన యాభై వేలు పోను రెండు లక్షల పైన మిగులుతుంది. అదే యాభై వేలు పదిహేనేళ్ళ తర్వాత కడితే మిగిలేది 27 వేలే. అందువల్ల ఎక్కువ కట్టాలంటే మొదటి ఏళ్ళలోనే కట్టాలి. మనమేమో సాధారణంగా పిల్లలు స్థిరపడ్డాక, చివర్లో కడతాం.

ముందుగా కడితే జరిమానా వేస్తారని చాలామందికి భయం. ఒకప్పుడు వేసేవారు. 2012 జూన్‌లో రిజర్వు బ్యాంకు, మారే వడ్డీ ఉన్న ఇంటి అప్పుల మీద బ్యాంకులు ఆ జరిమానా తీసుకోకూడదని ఆదేశం ఇచ్చింది. మీది మారే వడ్డీయా, స్థిర వడ్డీయా అన్నది కాగితంలో చూసుకోండి.

నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఇంటి అప్పులో మొదటి పేరు నాది. ఒకసారి లక్ష రూపాయలు ఎక్కువ కట్టి, గడువు తగ్గిందని సంతోషపడ్డాను. ఎనిమిది నెలల తర్వాత చూస్తే గడువు అలాగే ఉంది, నెల వాయిదా కొంచెం తగ్గించారు. వాయిదా తగ్గితే హాయిగా ఉంటుంది గానీ వడ్డీ మిగిలేది తక్కువ. నేను రాతపూర్వకంగా "గడువు తగ్గించండి" అని అడగలేదు, అదీ తప్పు. నన్ను ఎక్కువ మండించింది మాత్రం వేరే సంగతి. ఏది కావాలో తేల్చుకోవడానికి వాళ్ళు ఫోను చేశారట, మా ఆయనకి! డాక్టరేటు చేసి, ఆడవాళ్ళ ఆస్తి హక్కుల మీద వ్యాసాలు రాసే మనిషి గతి ఇది. కట్టిన రోజే రాసి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.

ఇంకో చిక్కు ఉంది. 2022 మొదట్లో 7 శాతానికి ఇరవై ఏళ్ళకి 20 లక్షలు తీసుకున్నవాళ్ళ వాయిదా సుమారు 15,506. ఆ ఏడాది మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి పెరిగింది. ఆ పెరుగుదలంతా వాళ్ళ మీద పడి 9.5 అయితే వడ్డీ ఒక్కటే నెలకి పదిహేనున్నర వేలు దాటుతుంది. అంటే వాయిదా మొత్తం కట్టినా అసలులో ఒక్క రూపాయి తగ్గదు! ఇలాంటి పరిస్థితి వచ్చాకే 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు కొన్ని నియమాలు పెట్టింది. వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది అప్పు తీసుకున్నవాళ్ళే ఎంచుకునే వీలివ్వాలి. ఎంత వడ్డీకి పోయింది, ఎంత అసలుకి పోయింది, ఇంకా ఎన్ని వాయిదాలున్నాయి అన్నది మూడు నెలలకొకసారి తెలియజేయాలి. ఆ కాగితం మీ ఇంట్లో ఎవరి ఫోనుకి వస్తోంది? ఇవాళ ఇంటికెళ్ళి మొదట చూడాల్సింది అదే.

అయితే అందరూ వెంటనే అదనంగా కట్టేయండని నేను చెప్పను. నూటికి మూడు రూపాయల వడ్డీ అప్పు ఉన్నవాళ్ళు ముందు అది తీర్చండి. మూడు రూపాయలంటే చిన్నదిగా వినిపిస్తుంది, ఏడాదికి 36 శాతం. గిరిగిరి వాళ్ళ దగ్గర తీసుకుంటే అంతకంటే ఎక్కువ. చీటీ పాడుకుని తెచ్చి బ్యాంకుకి కడదామని ఒకరిద్దరు అన్నారు. మొదటి నెలల్లో ఎక్కువ తోపుకి పాడితే ఆ నష్టం 9 శాతం ఎక్కడిది, చాలా పైనే ఉంటుంది. రిజిస్టరు కాని చీటీలైతే అసలే నమ్మలేం.

రెండోది, మన రంగంలో నెల జీతం లేదు. రోజు కూలీ, బత్తా, కోఆర్డినేటరు కమీషను, నెలల తరబడి రాని చెక్కు. 2020 మార్చిలో షూటింగులు ఆగిపోయినప్పుడు కరోనా క్రైసిస్ ఛారిటీ ఇచ్చిన బియ్యం, పప్పులతో ఇల్లు నడిచినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. అప్పుడు ఆరు నెలలు వాయిదా కట్టక్కర్లేదన్నారు. కానీ వడ్డీ ఆగలేదు. 20 లక్షల మీద ఆరు నెలలకి 90 వేలు. వడ్డీ మీద పడ్డ వడ్డీని తర్వాత వెనక్కిచ్చారు గానీ ఈ వడ్డీ మన మీదే పడింది. 2025 ఆగస్టులో వేతనాల కోసం సమ్మె చేసినప్పుడు మళ్ళీ రెండు వారాల పైన పని లేదు. కాబట్టి కనీసం ఆరు నెలల ఖర్చు, వాయిదాతో సహా, మీ పేరుతో ఉన్న ఖాతాలో పడేవరకు బ్యాంకుకి అదనంగా ఇవ్వకండి. బ్యాంకుకి ఒకసారి కట్టేసిన డబ్బు కష్టం వచ్చినప్పుడు తిరిగి రాదు. కొన్ని బ్యాంకుల్లో ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతి ఉంది. మిగులు అందులో వేస్తే వడ్డీ తగ్గుతుంది, అవసరమైతే తీసుకోవచ్చు. సినిమా పనివాళ్ళకి అది నయం.

చేతిలో డబ్బు ఉండడానికీ మన గౌరవానికీ సంబంధం ఉంది. 2018లో జూనియర్ ఆర్టిస్టులు బయటికొచ్చి మాట్లాడినప్పుడు నేను విన్న వాటిలో ఎక్కువ కథలు అద్దె దగ్గరో, అప్పు దగ్గరో మొదలయ్యాయి. ఎల్లుండి వాయిదా కట్టాల్సిన మనిషి కోఆర్డినేటరుకి "రాను" అని చెప్పడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కర్లేదు.

పత్రికల్లో బడ్జెట్ సలహాలు వస్తుంటాయి. టీ తగ్గించండి, చీరలు తగ్గించండి. మన ఇళ్ళలో బడ్జెట్ అంటే ఎప్పుడూ ఆమె తగ్గడమే. ఒక డాన్సరు తన మోకాలి చికిత్స రెండేళ్ళు వాయిదా వేసి నెలకి మూడు వేలు అదనంగా కట్టింది. మోకాలు పోయాక పనీ పోయింది. ఆమె భర్త సిగరెట్ల ఖర్చు ఆ పట్టికలో ఎక్కడా లేదు. "ఆయన ఖర్చు రాయాలని నాకు తట్టనే లేదండీ" అంది. పొదుపు చేసే ముందు ఎవరి ఖర్చులు రాస్తున్నామో, ఎవరివి రాయకుండా వదిలేస్తున్నామో చూడాలి.

ఇప్పుడు అసలు విషయం. ఒక డబ్బింగ్ ఆర్టిస్టు ఉంది. భర్త కెమెరా సహాయకుడు. అతని ఖాతా నుంచి వాయిదా పోయేది. ఇంటి సరుకులు, కరెంటు, పిల్లల ఫీజులు ఆమె చూసేది. ఇద్దరూ సమానంగానే పెట్టారు. ఏడో ఏట ఆమె పన్నెండు తులాల బంగారం అమ్మి అప్పులో పెద్ద భాగం తీర్చారు. ఇంకో నాలుగేళ్ళకి అప్పు మొత్తం తీరింది. ఇవాళ ఫ్యామిలీ కోర్టులో ఉన్నారు. అమ్మకం దస్తావేజులో అతని పేరు ఒక్కటే. అప్పు కాగితంలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అంటే కట్టే బాధ్యత ఇద్దరిదీ, ఇల్లు మాత్రం ఒకరిది! సరుకుల బిల్లులు ఎవరు దాస్తారు? బంగారం అమ్మిన డబ్బు నగదుగా తెచ్చి అతని ఖాతాలో వేశారు.

మన దేశంలో, గోవాలో తప్ప, పెళ్ళయ్యాక సంపాదించిన ఆస్తి ఇద్దరిదీ అనే చట్టం లేదు. దస్తావేజు ఎవరి పేరున ఉంటే వాళ్ళదే. 2005 గృహహింస చట్టం ఆ ఇంట్లో ఉండే హక్కు ఇస్తుంది, ఇంటి మీద హక్కు ఇవ్వదు. పుట్టింట్లో వాటా కోసం 1986లో మన రాష్ట్రం దేశానికి ముందే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. అత్తింట్లో, మన చెమటతో కట్టిన గోడల దగ్గర మాత్రం ఇంకా ఖాళీయే. ఆడవాళ్ళ పేరుంటే వడ్డీ 0.05 శాతం తగ్గుతుందని కొందరు భార్యని అప్పులో చేరుస్తారు. 20 లక్షల మీద అది మొదటి ఏడాదికి వెయ్యి రూపాయలు. వెయ్యి రూపాయలకి సంతకం కొనుక్కుని దస్తావేజులో మర్చిపోతారు. గేటు మీద మాత్రం "లక్ష్మీ నిలయం" అని రాయిస్తారు.

పేరు ఉన్నంతమాత్రాన సరిపోతుందనీ అనను. సావిత్రి పేరుతో ఇళ్ళు లేవా? మద్రాసు హబీబుల్లా రోడ్డులో అంత ఇల్లు ఉండి, అప్పులు, పన్ను బకాయిల్లో ఆస్తులు పోయి 1981లో చనిపోయింది. ఆ కథని తాగుడు గురించో, దానగుణం గురించో చెబుతారు. ఆమె లెక్కలు ఎవరు చూశారు, ఏ కాగితం మీద ఎందుకు సంతకం పెట్టింది అని ఎవరూ అడగరు. పేరూ ఉండాలి, కాగితం చదివే అలవాటూ ఉండాలి.

కాబట్టి ఇంకా ఇల్లు కొననివాళ్ళు అమ్మకం దస్తావేజులోనే ఇద్దరి పేర్లూ, వాటాలతో సహా రాయించుకోండి. కొనేసినవాళ్ళు, మీ పేరు లేని ఇంటి అప్పుకి బంగారం అమ్మే ముందు ఆగండి. అప్పు ఉండగా పేరు చేర్చాలంటే బ్యాంకు ఒప్పుకోవాలి, రిజిస్ట్రేషను ఖర్చూ ఉంటుంది. ఆ మాట ఇంట్లో ఎత్తితే "నన్ను నమ్మవా" అంటారు. బ్యాంకుకి ఇన్ని సంతకాలు పెట్టినప్పుడు బ్యాంకుని అడగలేదే అనండి. పేరు చేరే వీల్లేకపోతే, కనీసం మీరిచ్చే డబ్బు మీ ఖాతా నుంచి నేరుగా అప్పు ఖాతాలోకి వెళ్ళనివ్వండి. నగదు ఇవ్వకండి.

బస్తీల్లో ఉన్నవాళ్ళు "మాకు బ్యాంకే అప్పివ్వదు, ఇదంతా ఎందుకు" అనుకుంటున్నారు. నిజమే, నోటరీ కాగితం మీద బ్యాంకు అప్పివ్వదు. 2014 చివర్లో వచ్చిన 58వ నంబరు జీవో కింద 125 గజాల లోపు స్థలాలని క్రమబద్ధం చేసినప్పుడు పట్టా ఆడవాళ్ళ పేరున ఇచ్చారు. ఆ పట్టా వచ్చినవాళ్ళు దాన్ని పెట్టెలోంచి తీసి వడ్డీ వ్యాపారికి తాకట్టు పెట్టకండి, దయచేసి.

చివరి వాయిదా కట్టిన రోజు పని అయిపోయిందనుకోకండి. అసలు దస్తావేజులు నెల రోజుల్లో తిరిగి ఇవ్వాలి, ఆలస్యం చేస్తే రోజుకి 5,000 చొప్పున పరిహారం ఇవ్వాలని 2023 డిసెంబరు నుంచి నియమం ఉంది. బాకీ లేదన్న పత్రం తీసుకోండి. దస్తావేజులు బ్యాంకులో పెట్టినట్టు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రాసి ఉంటే అది రద్దు చేయించి, కొత్త ఈసీ తీసి చూడండి. తాకట్టు పోయిందో లేదో అందులో తెలుస్తుంది, ఇల్లు ఎవరి పేరున ఉందో కూడా. ఇవన్నీ తేవడానికి మీరు కూడా వెళ్ళండి. నకళ్ళు ఒక సెట్టు మీ దగ్గర, మీ అమ్మ దగ్గరో అక్క దగ్గరో ఇంకో సెట్టు ఉంచుకోండి.

నేను చెప్పాల్సింది ఇంతే. బ్యాంకు స్టేట్‌మెంట్లు, దస్తావేజు జిరాక్సులు తెచ్చినవాళ్ళు ముందుకి రండి, కూర్చుని ఒక్కొక్కటే చూద్దాం. తేనివాళ్ళు వచ్చే ఆదివారం తీసుకురండి.