కుండలో మిగిలింది ఎవరికి?

(వర్ని పాల ఉత్పత్తిదారుల సంఘ సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



సంఘం లెక్కలు చూడవచ్చిన మేము ఈరోజు వంటింటి లెక్క చెప్పబోతున్నాము. నవ్వకండి. కుండలో మిగిలినదానికీ మీరు పోసే పాలకూ దగ్గర సంబంధం ఉన్నది.

గత మాఘమాసంలో ఒక ఊరికి తనిఖీకి వెళ్లాము. ముందురోజు పెళ్లి జరిగిన ఇంట గంపెడు అన్నం మిగిలింది. పారవేయడానికి మనసొప్పక ఇంటివారు దానిని పాలిచ్చే బర్రె ముందు పోశారు. సాయంత్రానికి అది నెమరు మానింది. పొట్ట ఉబ్బి, పడుకున్నది లేవలేదు. పశువైద్యుడు సమయానికి వచ్చినందున ప్రాణం దక్కింది గాని, పూటకు మూడు లీటర్లిచ్చే పశువు పదిహేను రోజులపాటు లీటరు దాటలేదు. బర్రె మీద తీసుకున్న అప్పు వాయిదా మాత్రం ఆగలేదు.

వండిన అన్నం ఒక్కసారిగా ఎక్కువ పడితే పశువు పెద్ద పొట్టలో త్వరగా పులిసి ఆమ్లం పెరుగుతుంది. జీర్ణశక్తి దెబ్బతింటుంది. ఒక్కొక్కప్పుడు పశువే పోతుంది. మేత ముట్టక, నెమరు మానితే వెంటనే డాక్టరును పిలవండి.

మిగిలినదానిని మనిషికి, పశువుకు పంచుకోవడం మన పెద్దలకు తెలుసు. ఉలవచారే సాక్ష్యం. ఎద్దులకు, బర్రెలకు ఉలవలు ఉడికించి పెట్టి, మిగిలిన కట్టుతో ఇంటివారు చారు కాచుకున్నారు. 1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్లు కాలువల్లో పారిన తరువాత కోస్తా జిల్లాల రైతులు వచ్చి వర్ని, బోధన్ ప్రాంతాల్లో క్యాంపులు కట్టుకున్నారు. వారి ఇళ్లలో ఈ చారు విందు వంట.

చేసే విధానం తెలిసిందే. ఉలవలు రాత్రి నానబెట్టి, ఉప్పు కారం వేయకుండా, నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా ఉడికించండి. కట్టు వడగట్టి చింతపండు రసం, ఉప్పు, కారం, ఉల్లిపాయ వేసి, సన్నని సెగ మీద చిక్కబడేదాకా మరిగించి పోపు పెట్టండి. పైన ఒక చెంచా మీగడ వేస్తే ఇక చెప్పనక్కరలేదు. అయితే మాంసకృత్తులు ఎక్కువగా గింజలోనే ఉంటాయి. అందుకని గుప్పెడు గింజలు రుబ్బి చారులో కలపండి, పిల్లలకు బలం. మిగతా గింజలు చల్లార్చి దాణాలో కలిపితే పశువుకూ లోటుండదు.

కందిపప్పు ఉడికిన కట్టు కూడా ఇంతే. అందులో మునగాకు, కొత్తిమీర కాడలు, కడిగిన సొరకాయ తొక్కలు వేసి ఉడికించి వడగట్టి, మిరియాల పొడి చల్లండి. పట్నంలో డబ్బిచ్చి తాగే సూపు ఇటువంటిదే. వార్చిన గంజిలో ఉప్పు, మజ్జిగ కలిపితే ఎండనపడి వచ్చిన మనిషికి ప్రాణం లేచివస్తుంది.

ఇక జాగ్రత్తలు. ఏ కట్టయినా, గంజయినా ఆ పూటకు ఆ పూటే వాడుకోవాలి. ఎండాకాలంలో మరీ జాగ్రత్త. వాసన మారినా, జిగట వచ్చినా మళ్లీ కాచి వాడవద్దు. పాడైన అన్నంలో పుట్టిన విషం మరిగించినా పోదు. అటువంటిది కుడితి తొట్టిలోనూ వేయకండి, ఎరువు గుంటలో వేయండి. విందులో అన్నం మిగిలితే పాడవక ముందే, ఆ రాత్రే ఇరుగు పొరుగుకు పంచండి. బర్రెకు పెట్టదలిస్తే గడ్డి మేసిన తరువాత గుప్పెడు, అంతకు మించి వద్దు.

అక్కలారా, అమ్మలారా! ఇంట్లో పొయ్యి దగ్గర, కొట్టంలో తొట్టి దగ్గర ఉండేది ఎక్కువగా మీరే. ఏది చారుకు, ఏది తొట్టికి, ఏది గుంటకు అన్నది మీ చేతిలో ఉన్నది. మగవారు కూడా ఈ మాట విని, పెళ్లి మర్నాడు అన్నం గంప పట్టుకుని కొట్టం వైపు నడవకుండా ఉండాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.

జై సహకార్!