గడచిన ప్రసారమును ఇంట దాచుకొనుట



ప్రసారము చేయువారికిని, వినువారికిని నడుమ ఒక పాత తగవు కలదు. మేము చెప్పిన వేళకు మీరు పెట్టె యెదుట ఉండవలయును. లేకున్న ఆ మాట గాలిలో కలసిపోవును. 20 ఏండ్లుగా ఈ కొలువున నున్న మాకు, నిన్నటి కార్యక్రమము మరల ఎప్పుడు వచ్చునని అడుగు ఉత్తరములకు జవాబు వ్రాయుట నేటికిని కష్టముగనే యున్నది. చూచువాడు తానే ప్రసారమును ఇంట పట్టి యుంచి, తన వేళకు చూచుకొనుటను గూర్చి నేడు ముచ్చటించెదము. ఇది ముఖ్యముగ అమెరికా దేశపు కథ.

మా చిన్ననాటి స్నేహితుడొకడు న్యూజెర్సీలో కాపురమున్నాడు. నిరుడు మే నెలలో వారింట పది దినములుంటిమి. మన దేశమున రాత్రి 7.30కు ఆరంభమగు క్రికెట్టు ఆట అక్కడ వేసవిలో ఉదయము 10 గంటలకు వచ్చును. అది కొలువు వేళ. కావున యంత్రము దానిని పట్టి యుంచును. సాయంకాలము అందరును ఇల్లు చేరి, కాఫీ త్రాగుచు, మొదటి బంతి నుండి చూచెదరు. అంతవరకు ఫలితమును గూర్చి ఎవ్వరును నోరు మెదపరాదని ఆ యింట కట్టడి. అయితే అతని అత్తగారు, ఆ యింట అందరికి అమ్మమ్మగారు, అక్కడనే యున్నారు. తెనాలి నుండి ఆమె మేనల్లుడు, అర్ధరాత్రియైనను సరే, ఆట ముగియగనే ఫోను చేయును. ఆమె పెదవి విప్పదు. కాని ఆమె ముఖము చూచినంతనే మనుమరాలు ఫలితము కనిపెట్టును. పది దినములలో రెండుమారులు ఇది మా కండ్ల యెదుట జరిగినది.

ఈ సౌకర్యము ఊరక లభించినది కాదు. 1975లో సోనీ సంస్థ బీటామాక్స్ అను టేపు యంత్రమును అంగడికి తెచ్చెను. మరుసటి యేడు యూనివర్సల్, డిస్నీ సంస్థలు న్యాయస్థానమున కెక్కినవి. ఇంట టేపు చేయుట కాపీహక్కును హరించుటయేయని వారి వాదము. 1984 జనవరి 17న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. తొమ్మండుగురు న్యాయమూర్తులలో ఐదుగురొక ప్రక్క, నలుగురొక ప్రక్క. వేళ మార్చుకొని చూచుటకై ఇంట చేయు రికార్డింగు తప్పు కాదని ఆ ఒక్క వోటుతో తేలినది. పిల్లల కార్యక్రమములు నడపిన ఫ్రెడ్ రోజర్స్ గారు ఆ వ్యాజ్యమున సాక్ష్యమిచ్చి, కుటుంబములు తన కార్యక్రమమును టేపు చేసికొని తమకు వీలగు వేళ చూచుకొనుట తనకు సమ్మతమేయనిరి. న్యాయమూర్తులు ఆ సాక్ష్యమును తీర్పులో ఉదాహరించిరి. ప్రసారకుడొకడు ప్రేక్షకుని పక్షమున నిలిచెనన్న సంగతి చదివినపుడెల్ల మాకు కొంత గర్వము కలుగును. మా వృత్తిలో అందరును అట్లు నిలువరు.

అయితే ఆ తీర్పునకు హద్దులు కలవు. అది చందా లేక లభించు ప్రసారములను గూర్చినది. ఒకమారు చూచి చెరిపివేయుటను గూర్చినది. ఏండ్ల తరబడి దాచుకొనుటను అది తేల్చలేదు.

1999లో టీవో, రీప్లే టీవీ అను యంత్రములు వచ్చి, టేపునకు బదులు డిస్కును నిలిపినవి. పిమ్మట కేబుల్ సంస్థలే అట్టి పెట్టెలను నెలసరి అద్దెకీయసాగినవి. చిక్కు ఇక్కడనే వచ్చినది. పెట్టె వారిది, అందలి డిస్కును వారిదే. 2017లో మా స్నేహితుని కుమార్తె ఏడవ తరగతి చదువుచు, ఇంగ్లీషు స్పెల్లింగు పోటీలో గెలిచినది. స్థానిక వార్తలలో ఆమెను రెండు నిమిషములు చూపిరి. అద్దెపెట్టె దానిని పట్టినది. ఆరు మాసములకు ఆ పెట్టె చెడగా, సంస్థవారు వేరొకటి యిచ్చి పాతదానిని తీసికొనిపోయిరి. ఆ రెండు నిమిషములును దానితోనే పోయినవి. తండ్రి రెండుమారులు ఫోను చేసెను. తిరిగి యిచ్చు పద్ధతి లేదనిరి. అమ్మమ్మగారు అప్పటికి తెనాలిలోనే యుండిరి. వచ్చినపుడు చూపుదమని ఉంచినదానిని ఆమె చూడనేలేదు. ఆ మాట యెత్తినచో తల్లి నేటికిని లేచి వంటింటిలోనికి పోవును.

ఆ యేడే అతడు సొంత ఏర్పాటు చేసికొనెను. గోడ నుండి వచ్చు కేబుల్ తీగలో వందల ఛానళ్ళు కలసి ప్రవహించును. చందా ఛానళ్ళకు తాళము వేసి యుందురు. కేబుల్‌కార్డు అను పలుచని బిళ్ళ ఆ తాళమునకు చెవి. చందాదారుడు సంస్థ ఇచ్చు పెట్టెనే కాక, అంగడిలో కొన్నదానిని సైతము వాడుకొను వీలుండవలెనని 1996 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము ఆదేశించినది. ఆ చట్టము ఫలముగ పుట్టినదే ఈ బిళ్ళ. 2007 జూలై 1 నుండి సంస్థలు తామిచ్చు క్రొత్త పెట్టెలలో సైతము ఇట్టి విడిచెవినే వాడవలసివచ్చెను.

ఆ బిళ్ళను ట్యూనరు పెట్టెలో దోపినచో, అది కోరిన ఛానలును విడదీసి ఇంటి నెట్‌వర్కులోనికి పంపును. అలమరలోని కంప్యూటరు దానిని డిస్కున వ్రాసికొనును. గంటసేపటి స్పష్టమైన చిత్రమునకు 6, 7 గిగాబైట్ల చోటు పట్టవచ్చును. టెలివిజనుకు తగిలించిన రోకు వంటి చిన్న స్ట్రీమింగు పెట్టె, రిమోటు నొక్కగనే, కంప్యూటరు నడిగి చిత్రమును తెప్పించుకొనును. కేబుల్ తీగపై వచ్చు ఎంపెగ్-2 అను పాత మాదిరి చిత్రము ఈ చిన్న పెట్టెలలో పెక్కింటికి అర్థము కాదు. కావున కంప్యూటరు దానిని అప్పటికప్పుడు వేరొక మాదిరికి మార్చి అందీయవలెను. కంప్యూటరు బలహీనమైనచో బొమ్మ తడబడును. మేము చూచుచుండగా ఒక ఆటగాడు బ్యాటు పైకెత్తి అర నిమిషము అట్లే నిలిచిపోయెను. వింత యేమనగా, నాటి రీప్లే టీవీని రూపొందించిన ఆంథొనీ వుడ్ గారే పిమ్మట రోకు సంస్థను స్థాపించిరి.

అన్నియు నమర్చినను మరొక అడ్డు కలదు. ప్రసారముతో కంటికి కనబడని ముద్ర యొకటి వచ్చును. ధారాళముగ నకలు తీయవచ్చునని ఒకటి, ఒక్కమారే తీయవలెనని ఒకటి, తీయనే రాదని ఒకటి. సమాచార ప్రసార వ్యవహారములు చూచు అమెరికా ప్రభుత్వ సంఘము 2003లో ఈ విధానమును నియమములలో చేర్చినది. చందా లేక వచ్చు ప్రసారములకు అడ్డు పెట్టరాదను నియమము 2013 వరకు ఉండెను. చందా ఛానళ్ళకు 'ఒక్కమారు' ముద్ర వేయవచ్చును. అది పడినచో రికార్డింగు తనను పట్టిన యంత్రమునకే కట్టుబడి యుండును. స్ట్రీమింగు పెట్టెకు చేరదు. ఒక ఊరిలో స్వేచ్ఛగా దాచుకొను కార్యక్రమము, ప్రక్క ఊరిలో వేరొక సంస్థ తీగపై బందీయై యుండుట కలదు. దీనికి మాకు న్యాయము కనబడదు.

2020 సెప్టెంబరులో ఆ సంఘమే కేబుల్‌కార్డు నిబంధనల నెత్తివేసెను. 2025 అక్టోబరు నాటికి టీవో సంస్థ రికార్డింగు యంత్రముల విక్రయమును మానుకొనెను. మా గిడ్డంగిలో మేమే దాచెదమని కేబుల్ సంస్థలిప్పుడు చెప్పుచున్నవి. కేబుల్‌విజన్ అను సంస్థ ఏర్పాటును 2008లోనే అప్పీలు న్యాయస్థానమొకటి అంగీకరించెను. వేయిమంది ఒకే కార్యక్రమమును కోరినచో వేయి విడివిడి నకళ్ళు దాచునట్టి ఏర్పాటది. గిడ్డంగి పెద్దదే. కాని దాని తాళము చందాదారుని చేత లేదు.

దాచుకొనుట వట్టి చాపల్యమనువారికి ఫిలడెల్ఫియా వాసి మారియన్ స్టోక్స్ గారి సంగతి చెప్పెదము. ఒకప్పుడు గ్రంథాలయములో పనిచేసిన ఈమె, 1979 నుండి 2012 డిసెంబరులో కన్నుమూయువరకు, టెలివిజన్ వార్తలను రేయింబవళ్ళు ఇంట టేపు చేయించెను. టేపులు సుమారు 70 వేలు. టేపు మార్చు వేళకై బయట భోజనమును సగములో విడిచి ఇంటికి పరుగెత్తెడివారట. టేపులు చెరిపి మరల వాడుకొనుట నాటి కేంద్రములలో పెక్కింటికి అలవాటు. అట్లు చెరిగిన గొంతులు మా యెరుకలోను కొన్ని కలవు. ఆమె టేపులు 2013లో ఇంటర్నెట్ ఆర్కైవ్ అను సంస్థకు చేరినవి. ఆమె చేసినది 1984 నాటి తీర్పునకు లోబడినదా కాదాయని ఎవరైన అడిగినచో సూటియైన జవాబు లేదు. జవాబు కొరకు ఆమె ఆగలేదు.

మేము బయలుదేరుటకు ముందు రాత్రి మా స్నేహితుడు, తన బిళ్ళ చెడినచో మారుబిళ్ళ దొరకదను భయముతో, ముద్ర లేని రికార్డింగులనెల్ల రెండవ డిస్కునకు ఎక్కించుచుండెను. చోటు చాలదు, కొన్ని విడువవలెను. ఏవి ఉంచుదమని ఇంటివారి నందరిని పిలిచి అడిగెను. కుమార్తె క్రికెట్టు వలదనెను. అమ్మమ్మగారు కొంతసేపు ఆ పట్టికను చూచి, "పిల్ల బొమ్మ అందులో లేదు గదా నాయనా, ఇంక ఏది ఉంచితే ఏముంది?" అనిరి. అతడు మారు పలుకక, క్రికెట్టు ఆటలు రెండు మాత్రము ఉంచి తక్కినవి కొట్టివేసెను. తెల్లవారుజామున మేము విమానమునకు బయలుదేరునప్పటికి అలమరలో కంప్యూటరు ఇంకను నకలు తీయుచునే యుండెను.