కైరో గదిలో పటాలు గీసిన మనిషి



ఈ సాయంత్రం మేము చెప్పదలచినది టి. ఇ. లారెన్స్ అనే ఆంగ్లేయ సైనికాధికారిని గురించి. 1962లో "లారెన్స్ ఆఫ్ అరేబియా" అని సినిమా వచ్చింది గదా, ఆ మనిషే. ఒంటె మీద తెల్లని దుస్తుల్లో కనబడే వీరుణ్ణి సినిమా చూసినవారంతా ఎరుగుదురు. గదిలో కూర్చుని పటాలు గీసినవాడు, యుద్ధం ముగిశాక తానే దాని చరిత్ర రాసినవాడు మనలో ఎక్కువమందికి తెలియదు. మా మాట ఆయన్ని గురించి.

1888లో వేల్సులో పుట్టి, ఆక్స్‌ఫర్డులో చరిత్ర చదివాడు. క్రూసేడు యుద్ధాలనాటి కోటలను చూడాలని 1909లో సిరియా ప్రాంతమంతా కాలినడకన తిరిగాడు. తర్వాత కార్కెమిష్ తవ్వకాల్లో పనిచేస్తూ, అక్కడి కూలీలతో కలిసిమెలిసి అరబ్బీ బాగా పట్టుకున్నాడు. 1914లో యుద్ధం రాగానే సైన్యం ఆయన్ని కైరోలోని గూఢచారి శాఖలో వేసింది. గూఢచారి అనగానే మారువేషాలు అనుకునేరు! అక్కడి పని వేరు. పటాలు సరిచేయాలి, పట్టుబడిన సైనికులను ప్రశ్నించాలి, టర్కీవారి ఏ పటాలం ఎక్కడ ఉన్నదో లెక్క కట్టాలి, నివేదిక రాయాలి. గుమాస్తా పనే అన్నమాట.

1916 ఏప్రిల్‌లో ఆయన్ని ఇరాక్ పంపారు. కూట్ పట్టణంలో ముట్టడిలో చిక్కిన బ్రిటిషు సైన్యంలో ఎక్కువమంది మన దేశపు సిపాయిలే. 20 లక్షల పౌన్లదాకా ఇచ్చి వాళ్లను విడిపించుకోవాలని చూశారు. బేరం కుదరలేదు. ఏప్రిల్ 29న సుమారు 13 వేలమంది లొంగిపోయారు. వారిలో వేలమంది ఖైదులోనే పోయారు.

ఆ జూన్‌లో మక్కా షరీఫు హుసేన్ టర్కీ ప్రభుత్వం మీద తిరగబడ్డారు. అక్టోబరులో లారెన్స్ హిజాజ్ వెళ్లి, ఆయన కుమారుడు ఫైసల్‌ను కలిశాడు. 1917 జులై 6న అఖబా రేవు పట్టుబడిన సంగతి అందరూ చెప్పుకుంటారు. సముద్రంవైపు గురిపెట్టిన రేవును ఎడారివైపునుంచి వచ్చి పట్టారు. దండుకు పెద్ద షరీఫ్ నాసిర్, దారి తెలిసినవాడు హువైతాత్ తెగ నాయకుడు ఔదా అబూతాయి. మన కథానాయకుడు ఆ దారిలో జరిగిన దాడిలో తొందరపడి తన ఒంటె తలలోకే తుపాకి పేల్చుకుని కిందపడ్డాడు. ఈ మాట మరెవరో చెప్పింది కాదు, తన పుస్తకంలో తానే రాసుకున్నాడు. ఆ ఒక్క విషయానికి మేము ఆయన్ని మెచ్చుకుంటాము.

కాని అసలు సంగతి ఒంటెది కాదు, మాటది. తిరుగుబాటు చేస్తే అరబ్బులకు స్వతంత్రం దక్కుతుందని కైరోనుంచి మెక్‌మహాన్ దొర షరీఫుకు జాబులు రాశాడు. 1916 మేలో అదే బ్రిటిషు ప్రభుత్వం ఫ్రాన్సుతో సైక్స్–పీకో ఒడంబడిక చేసుకుని ఆ భూములు లోలోపల పంచుకున్నది. 1917 నవంబరులో రష్యాలో బోల్షివిక్కులు ఆ కాగితం బయటపెట్టేదాకా లోకానికి తెలియలేదు. లారెన్స్‌కు మాత్రం ముందే తెలుసు. తెలిసి కూడా అరబ్బులకు ధైర్యం చెబుతూ యుద్ధంలో నడిపించాడు. ఓడిపోవడంకన్నా గెలిచి మాట తప్పడం మేలనుకున్నానని పుస్తకంలో ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం గొప్పే. కాని ఆ మాట నమ్మి ప్రాణాలిచ్చినవాడికి ఈ ఒప్పుకోలు అందలేదు గదా?

ఆ పుస్తకం "సెవెన్ పిల్లర్స్ ఆఫ్ విజ్‌డమ్". 1919లో రాతప్రతిలో చాలాభాగం రెడింగ్ రైలుస్టేషన్‌లో పోయింది. మళ్లీ మొదటినుంచి రాశాడు. 1922లో ఎనిమిది ప్రతులు మాత్రం అచ్చువేయించాడు. 1926లో చందాదారులకు 30 గినీల చొప్పున ఇస్తే, ఖర్చు అంతకు మించి అప్పు మిగిలింది. ఆ అప్పు 1927లో వేసిన సంగ్రహం తీర్చింది. ఈలోగా పేరు మార్చుకుని మామూలు సిపాయిగా చేరి, 1927నుంచి 1929 వరకు కరాచీలోనూ, సరిహద్దున మీరాన్‌షాలోనూ కొలువు చేశాడు. 1935లో మోటారు సైకిలు ప్రమాదంలో పోయాడు.

ఆ పుస్తకాన్ని పూర్తిగా నమ్మవచ్చునా? 1918 అక్టోబరు 1న దమస్కు పట్టుబడిన ఘట్టంలో తాను కొంత జారుడునేల మీద నడిచానని తన జీవితచరిత్ర రాసినవాడితో ఆయనే అన్నాడు. నిజానికి ఆ తెల్లవారుజామున ఆస్ట్రేలియా గుర్రపు దళం ముందే ఊరు దాటింది. నివేదికలు రాసి చేయితిరిగినవాడే ఇలా రాస్తే, రెండో పక్షం మాట ఎవరు రాయాలి? జోర్డాను చరిత్రకారులు సులేమాన్ మూసా ఆ పని చేశారు. తిరుగుబాటులో పాల్గొన్న అరబ్బుల మాటలు సేకరించి, లారెన్స్ రాతల పక్కన పెట్టి చూశారు. ఆ గ్రంథం 1966లో ఇంగ్లీషులో వచ్చింది. అందులో ఔదాలు, నాసిర్లు సొంత కాళ్ల మీద నిలబడి కనిపిస్తారు.

ఇంతదూరం మీకు చెప్పడానికి కారణం ఉన్నది. 1918 సెప్టెంబరులో హైఫా పట్టుబడినప్పుడు అక్కడి గుర్రపు బ్రిగేడులో జోధ్‌పూరు, మైసూరు దళాలతోపాటు మన హైదరాబాదు లాన్సర్ల దళం కూడా ఉన్నది. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబెట్టిన మూడు విగ్రహాల్లో ఒకటి ఆ దళానిది. విగ్రహం ఉన్నది, ఆ రౌతులు ఏం చూశారో చెప్పే మాటలు మేము చదవలేదు. మీ ఇళ్లలో తాతల కాలంనాటి పెట్టెల్లో పతకం, ఉర్దూ జాబు, పింఛను కాగితం ఏదైనా ఉంటే పారవేయకండి. చెదలు పట్టకముందే తెచ్చి మన సంఘం కార్యదర్శిగారికి చూపించండి. నకలు రాసుకుని అసలు మీకే తిరిగి ఇస్తాము.