గొంతు దిగని ముద్ద
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో షుగరు గూర్చి, బి.పి. గూర్చి ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. ఈసారి అన్నవాహికలో లేచే బొడిపెలను గూర్చి చెప్పమని కార్యదర్శిగారు కోరారు. డాక్టర్లు వీటిని పాలిప్‌లంటారు. "అంత అరుదైన జబ్బు సంగతి మనకెందుకండీ?" అని మీరడగవచ్చు. జబ్బు అరుదే. కాని ముద్ద దిగకపోవడం అనే లక్షణం అరుదు కాదు.

మా మామూ హార్బరులో పనిచేసి రిటైరైన మనిషి. ఒకనాడు దావత్‌లో మాంసం ముక్క రొమ్ములో అడ్డం పడినట్టయింది. నీళ్లు తాగి, "ఏం లేదు బేటా, గ్యాసు" అన్నారు. తర్వాత రొట్టె మానేశారు. అన్నం మెత్తగా వండించుకున్నారు. చివరికి గంజిలోకి దిగారు. పళ్లు లేవుగదా అనుకున్నాం మేమంతా. ఆరు నెలల తర్వాత ఎండోస్కోపీ చేయిస్తే క్యాన్సరు, అదీ ముదిరినది. ఇంట్లో నేను డాక్టరునై ఉండి కూడా ఇలా జరిగింది. ఆ ఆరు నెలలు నాకిప్పటికీ మింగుడుపడవు.

అన్నవాహిక గొంతునుంచి జీర్ణకోశం దాకా సుమారు 25 సెంటీమీటర్ల గొట్టం. మన హార్బరు ఛానెల్లో ఇసుక మేట వేస్తే ముందు పెద్ద ఓడ ఆగుతుంది, చిన్న పడవ పోతూనే ఉంటుంది. ఇక్కడా అంతే. ముందు గట్టి పదార్థం ఆగుతుంది, తర్వాత మెత్తనిది, ఆఖరికి నీళ్లు.

అయితే అడ్డు ప్రతిదీ క్యాన్సరు కాదు. మా వీధిలో ఒక ఖాలా పులితేన్పులకని పరీక్ష చేయించుకుంటే చిన్న బొడిపె కనపడింది. ముక్క తీయాలనగానే, "కత్తి తగిలితే పాకుతుందట" అని భయపడి ఇంటికొచ్చేశారు. ఎంతో నచ్చజెప్పి మళ్లీ పంపాం. అది పాపిలోమా అని తేలింది, అంటే ప్రమాదం లేని చిన్న పులిపిరివంటిది. గొట్టం ద్వారానే తీసేశారు. సాయంత్రానికి ఇంటికొచ్చారు. ముక్క తీసినందువల్ల జబ్బు పాకుతుందన్నది ఉత్త అపోహ.

బొడిపెల్లో రకాలున్నాయి. ఆమ్లం పైకి ఎగదన్ని కింది కొసలో వాపువల్ల లేచేవి కొన్ని. వీటికి ముఖ్యంగా ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు, తిండిలో క్రమశిక్షణ కావాలి. గోడ కండలో పుట్టే లియోమయోమా నిజానికి పాలిప్ కాదు, గడ్డ. చిన్నదై బాధ పెట్టకపోతే కనిపెట్టి ఉంటే చాలు. చాలా అరుదుగా పైభాగంలో కాడతో వేలాడే పొడుగాటి బొడిపె పెరుగుతుంది. వాంతి అయినప్పుడు నోట్లోకి వచ్చి శ్వాసకు అడ్డం పడవచ్చు. దాన్ని గొట్టం ద్వారా గాని, ఆపరేషను చేసి గాని తీసి తీరాలి. ఇటువంటివాటిలో కొన్ని కొవ్వు కణాల క్యాన్సర్లని తేలింది గనుక, తీసినదాన్ని పరీక్షకు తప్పక పంపాలి. కంటితో చూసి ఇది ఫలానా అని ఎవరూ ఒట్టుపెట్టి చెప్పలేరు.

ఎండోస్కోపీ అంటే భయమక్కర్లేదు. ఆరు నుంచి ఎనిమిది గంటలు కడుపు ఖాళీగా ఉంచాలి. గొంతుకు మందు చల్లి సన్నని గొట్టం పంపుతారు. చూడటం కొద్ది నిమిషాల పని. వంగే కాంతితీగల గొట్టం 1957లో వచ్చింది. ఈ విద్యలో ప్రపంచఖ్యాతి గడించి, 2025లో పద్మవిభూషణ్ పొందిన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి మన విశాఖలో పుట్టినవారే. మన ఊళ్లో కింగ్ జార్జి ఆసుపత్రిలో జీర్ణకోశ విభాగముంది. అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కావున దూరమన్న సాకు మనకు లేదు.

ఇక జాగ్రత్తలు. చుట్ట, బీడీ, గుట్కా మానండి. మన తీరంలోని అడ్డచుట్ట అంగిలికి చేసే హానిని గూర్చి, ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి 1971లోనే ప్రచురించారు. పొగాకు అంగిలితో ఆగదు, అన్నవాహికకూ హాని చేస్తుంది. పొగలు కక్కే చాయ్ గొంతులో పోసుకోకండి. 65 డిగ్రీలు దాటిన పానీయాలు అన్నవాహిక క్యాన్సరుకు కారణం కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు విభాగం 2016లో తెలిపింది. రంజాన్‌లో ఇఫ్తార్ వేళ వేపుళ్లతో కడుపు నింపి, సహరీ తినగానే పడుకోవడం మంటను పెంచుతుంది.

ముద్ద దిగకపోవడం, బరువు తగ్గడం, రక్తం కక్కడం, మలం తారులా నల్లబడటం, వీటిలో ఏది కనపడినా వెంటనే డాక్టరుకు చూపించండి. ఇంటి ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక మనవి. పళ్లెంలో ఏం మిగులుతోందో ముందుగా చూసేది మీరే. పెద్దాయన రొట్టె వదిలి గంజి అడిగితే ఊరికే వండిపెట్టకండి, ఎందుకని అడగండి. మా ఇంట్లో ఎవరమూ అడగలేదు.

ఖుదా హాఫిజ్.