పెరటి గోడ మీది ప్రాణులు - మన బాధ్యత

సకల లోకాలను సృష్టించి, ప్రతి ప్రాణికీ దాని ఆహారాన్నీ ఆవాసాన్నీ నిర్ణయించిన అల్లాహ్‌ను మనం స్తుతిస్తున్నాము. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతీ శుభాలూ వర్షించుగాక! అమ్మాబాద్.

ధార్మిక సోదరులారా! ఈ జుమాకు నేను వేరొక అంశాన్ని సిద్ధం చేసుకున్నాను. మొన్న మంగళవారం ఇషా నమాజు తరువాత ఇద్దరు యువకులు వచ్చి అడిగిన ప్రశ్న వలన దానిని పక్కన పెట్టవలసి వచ్చింది. "హజ్రత్, కోతులకు మందు పెట్టవచ్చునా?" అని వారు అడిగారు. మందు అంటే ఔషధం కాదని మీకు తెలుసు. పత్తి చేలకు కొట్టే మందును అరటిపండులో దూర్చి ప్రహరీ గోడ మీద పెట్టాలని వారి ఆలోచన.

వారిని కఠినాత్ములని అనుకోకండి. వారిలో ఒకరి తల్లి డాబాపై ఎండు మిరపకాయలు పరచుకొని కూర్చున్నప్పుడు ఒక కోతుల మంద మీదికి దూకింది. ఆమె వెనుకకు తగ్గబోయి మెట్ల మీద పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. నేను పరామర్శకు వెళ్ళాను. సంవత్సరమంతటికీ సరిపోయే మిరపకాయలు పోయాయని, ఇక డాబా ఎక్కాలంటేనే గుండె దడదడలాడుతోందని ఆమె కన్నీరు పెట్టుకున్నది. తల్లి మంచాన పడి ఉండగా కుమారునికి ఆగ్రహం రావడంలో ఆశ్చర్యమేమున్నది? ఆ ఆగ్రహానికి ధర్మం ఏ దారి చూపుతుందన్నదే ఈనాటి మన చర్చ.

మొదట ధర్మం అనుమతించినదేమిటో చెబుతాను. ఎందుకంటే జంతువుల పట్ల దయ గురించి మాట్లాడేవారు చాలాసార్లు ఈ భాగాన్ని దాటవేస్తారు, అప్పుడు దెబ్బతిన్నవాడు వారి మాట వినడు. మన ధర్మం మనిషిని హానికి మౌనంగా తలవంచమని చెప్పదు. కాకి, గద్ద, తేలు, ఎలుక, కరిచే కుక్క, ఈ అయిదింటినీ పవిత్ర హరమ్ సరిహద్దులలో సైతం చంపవచ్చునని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. వేట నిషిద్ధమైన నేలలో కూడా హాని చేసేవాటి విషయంలో మినహాయింపు ఇచ్చారన్నమాట. పంటను కాపాడుకోవడం రైతు హక్కు. బిడ్డను కాపాడుకోవడం తల్లి బాధ్యత. కోతిని అదిలించడం, బెదిరించడం, కంచె వేయడం, పట్టించి దూరంగా పంపించడం పాపకార్యాలని ఏ పండితుడూ అనడు.

అయితే అదే ప్రవక్త (స) చంపక తప్పనప్పుడు కూడా ఉత్తమ రీతిలో చంపాలని, జబహ్ చేసేవాడు కత్తిని పదును పెట్టుకొని జంతువుకు బాధను తగ్గించాలని ఆదేశించారు. షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖనం ఇది. ఇప్పుడు విషం సంగతి ఆలోచించండి. విషం తిన్న ప్రాణి గంటల తరబడి కొట్టుకుంటుంది. మిరపకాయలు చెదరగొట్టినది ఒకటి, పండు తిన్నది మరొకటి, దాని పాలు తాగే పిల్ల ఇంకొకటి. ఆ కళేబరాన్ని పీక్కుతిన్న కుక్కా, కాకీ కూడా చస్తాయి. ఆ పండు ఆడుకునే పసివాని చేతికి చిక్కితే? విషం ముద్దాయిని ఎంచుకోదు. ఎవరికి శిక్ష పడుతుందో ఎరుగనివాడు తీర్పు చెప్పడానికి అర్హుడు కాడు.

ఇది మన ప్రాంతంలో జరగని విషయమేమీ కాదు. 2020లో ఈ మహబూబాబాద్‌కు సమీపంలోనే, శనిగపురం వద్ద, పదుల సంఖ్యలో కోతులు చచ్చి, సంచులలో కుక్కి పారవేయబడి కనిపించాయి. దుర్వాసన వస్తే వెళ్ళి చూసినవారికి ఆ దృశ్యం ఎదురైంది. విష ప్రయోగం జరిగిందన్న వార్త రాష్ట్రమంతటా పాకింది. ఆనాడు పత్రికలో ఆ ఫోటో చూసిన తరువాత నేను అన్నం ముద్ద మింగలేకపోయాను. సోదరులారా! అటువంటి వార్తలో ఈసారి మన మొహల్లా పేరు రావాలా? మన పొరుగువారిలో అనేకులకు కోతి కేవలం ఒక జంతువు కాదు, వారి ఆరాధనతో ముడిపడిన ప్రాణి. వారు కూడా కోతులతో విసిగిపోయారు, వారి కొబ్బరికాయలూ పోతున్నాయి. అయినా వారి హృదయాన్ని గాయపరిచే పనికి మన చేయి కారణం కాకూడదు. పొరుగువారి హక్కు ఏమిటో ఈ మింబర్ మీదనుంచి ఎన్నోసార్లు చెప్పుకున్నాము.

ఆ యువకులలో ఒకరు చదువుకున్నవాడు. "హజ్రత్, కోతిని వన్యప్రాణుల చట్టం నుంచి తీసేశారు కదా" అన్నాడు. ఆ మాటలో సగం నిజం ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో సవరణ వచ్చి, 2023 ఏప్రిల్ నుంచి అమలవుతున్నది. ఆ సవరణతో ఎర్రమూతి, ఎర్ర పిరుదులు గల పొట్టి తోక కోతి జాబితా నుంచి తొలగిపోయింది. కానీ జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిషేధించే 1960 నాటి చట్టం అలాగే ఉన్నది. ఏ జంతువునైనా అక్రమంగా చంపడం, విషం పెట్టడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జైలుశిక్షకు తగిన నేరం. పైగా మన ప్రాంతంలో ఉన్నది ఒక్క జాతి కాదు. నడినెత్తిన టోపీ పెట్టినట్టు వెంట్రుకలు, పొడవైన తోక ఉండే దక్షిణాది కోతి మరొకటి. ఒకప్పుడు ఈ తూర్పు భాగాన గోదావరి నది రెండు జాతుల మధ్య హద్దుగా ఉండేదని, ఇప్పుడు ఉత్తరాది కోతి ఆ హద్దు దాటి దక్షిణానికి పాకుతూ రెండవదానిని తరిమివేస్తున్నదని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అనగా మన గోడ మీద కూర్చున్న దానికి కూడా ఒక వలస చరిత్ర ఉన్నది.

అసలు అవి ఎందుకు వస్తున్నాయి? మహబూబాబాద్‌ను మన పెద్దలు నేటికీ మానుకోట అంటారు. మ్రాను అంటే చెట్టు. చెట్లే కోటగోడలుగా ఉన్న ఊరు కనుక మ్రానుకోట అయిందని చెబుతారు. ఆ కోట ఎక్కడున్నదో మీరే చూపించండి! 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ ఒకే రోజున జిల్లా కేంద్రాలయ్యాయి. సంతోషమే. కార్యాలయాలు వచ్చాయి, రోడ్లు వచ్చాయి, వాటి వెంట ప్లాట్ల హద్దురాళ్ళు వచ్చాయి. గుట్టబోరు మీది సీతాఫలం పొదలు, వాగు ఒడ్డు మేడి, జువ్వి, ఊరి బయటి మర్రి, నేరేడు, మొర్రి, తునికి చెట్లు ఎక్కడికక్కడ నేలకూలాయి. మిగిలిన చోట టేకు, నీలగిరి నాటారు. టేకు ఆకు ఏ కోతి కడుపును నింపుతుంది? భూపాలపల్లిలో నా సోదరి ఉంటున్నది. సింగరేణి బొగ్గు గనుల వలన ఎందరికో అన్నం దొరికింది, అందులో మా బావగారూ ఒకరు. ఆ బొగ్గు పైన ఒకనాడు అడవి ఉండేది. ఇప్పుడు ఆమె వంటగది కిటికీ దగ్గరకు కొండముచ్చులు వస్తాయి, ఫజర్ వేళ నెమలి కూత వినిపిస్తుంది, వానాకాలంలో స్నానాల గదిలో పాము కనిపిస్తుంది. "మా ఇంటికి అడవి వచ్చింది" అని ఆమె ఫోనులో అంటుంది. అడవి ఇంటికి మనం వెళ్ళామని నేను ఆమెకు చెప్పలేదు, తనకూ తెలుసు.

2024 డిసెంబరులో కొత్తగూడ అడవి వైపు పులి పాదముద్రలు కనిపించినప్పుడు అధికారులు, విలేకరులు, గ్రామస్థులు అందరూ మేల్కొన్నారు. పులికి అంతటి గౌరవం ఉన్నది. రోజూ కనిపించే కోతికి, కాకికి, జెర్రిపోతుకు అది లేదు.

దివ్యఖుర్ఆన్ అధ్యాయాల పేర్లు గుర్తు చేసుకోండి. ఆవు, పశువులు, తేనెటీగ, చీమలు, సాలెపురుగు, ఏనుగు. అన్ఆమ్ సూరా 38వ వాక్యంలో, నేల మీద సంచరించేవీ రెక్కలతో ఎగిరేవీ మన వంటి సముదాయాలేనని అల్లాహ్ తెలియజేశాడు. నమ్ల్ సూరాలోని చీమ సంఘటన మీకు తెలిసినదే. సులైమాన్ (అలైహి) సైన్యం వస్తుంటే ఒక చీమ తన వారిని పుట్టలలోకి వెళ్ళమని హెచ్చరించింది. ఆ హెచ్చరికలో నన్ను ఎప్పుడూ ఆకర్షించే విషయం ఒకటున్నది. సైన్యం తమను తెలియక తొక్కివేయవచ్చునని ఆ చీమ అన్నది. తెలిసి చేస్తారని అనలేదు. ఒక చీమ ఒక ప్రవక్త సైన్యం గురించి ఉంచుకున్న సదభిప్రాయం అది. మన గురించి అలా అనుకునే అవకాశాన్ని అరటిపండులో విషం కలిపేవాడు మిగల్చడు.

ఇబ్నె మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన మరొక సంఘటన అబూదావూద్ గ్రంథంలో ఉన్నది. ప్రయాణంలో సహచరులు ఒక చిన్న పక్షి పిల్లలను రెండింటిని పట్టుకున్నారు. తల్లిపక్షి రెక్కలు కొట్టుకుంటూ వారి తలల చుట్టూ తిరగసాగింది. ప్రవక్త (స) తిరిగివచ్చి, దీని బిడ్డలను తీసి దీనిని దుఃఖపెట్టినది ఎవరని విచారించి, వాటిని తిరిగి ఇచ్చివేయమన్నారు. ఆ ప్రయాణంలోనే కాలిపోయిన ఒక చీమల పుట్టను చూసి, నిప్పుతో శిక్షించే అధికారం నిప్పుకు ప్రభువైనవానికే ఉన్నదని స్పష్టం చేశారు. పంజరంలో రామచిలుకను పెట్టుకున్న ఇళ్ళు మన మధ్య కూడా ఉన్నాయి. అది చట్టప్రకారం కూడా నేరమేనని ఎందరికి తెలుసు?

నా సంగతి ఒకటి చెప్పాలి, చెప్పకపోతే ఈ ప్రసంగానికి నిజాయితీ ఉండదు. జనగామ శివారులో మా ఇంట్లో ఒక జామచెట్టు ఉన్నది. కొన్నేళ్ళ క్రితం కాయలు పండే సమయానికి కోతులు దానిని ఖాళీ చేయడం చూసి, నేను పిల్లవాని గులేరు తీసుకొని రాయి విసిరాను. గురి చూసి విసరలేదని ఇప్పటివరకు నాకు నేను చెప్పుకుంటున్నాను. అది పిల్లను పొట్టకు కరిపించుకున్న తల్లి. రాయి దాని ముంజేతికి తగిలింది. పిల్లను మాత్రం వదలలేదు. రెండు రోజులు ఎదురింటి రేకుల మీద ఆ చేయి వేలాడేసుకొని కూర్చున్నది. మూడవ రోజున మంద వెళ్ళిపోయింది, అది కూడా వెళ్ళింది. పిల్లిని కట్టి ఉంచి, తిండి పెట్టకుండా, తిరిగి తిననీయకుండా చంపిన స్త్రీ నరకానికి పాత్రురాలైన హదీసును అంతకు ముందు నేను ఎన్నిసార్లు బోధించానో లెక్కలేదు. బూటుతో నీళ్ళు తోడి దప్పిగొన్న కుక్కకు పోసినవాని పాపాలు మన్నింపబడిన హదీసునూ బోధించాను. ఆ రెండు రోజులు నాకు మొదటిదే గుర్తుకు వచ్చింది.

ఇక చేయవలసిన పనులు. ప్రతి ఇంటి ముందు, ముఖ్యంగా మాంసం, కోళ్ళ దుకాణాల వెనుక వ్యర్థాలు పారవేయడం ఆపకుండా కుక్కలనూ కోతులనూ తిట్టడం న్యాయం కాదు. బక్రీద్ మరునాడు మన వీధులను ఒకసారి చూసుకోండి. రోడ్డు మీద కారు ఆపి కోతులకు బిస్కెట్లు వేసేవారు పుణ్యం అనుకుంటున్నారు. అవి అడవిని మరచి మనిషి చేతిని నేర్చుకుంటున్నాయి, చేయి ఖాళీగా ఉంటే కరుస్తున్నాయి. కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించుకోవాలి. పసుపు, కారం అద్దడం వద్దు. పాము కాటుకు కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. నడిపించకుండా, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చాలి. మంత్రగాని గుమ్మంలో పోయిన అరగంట తిరిగి రాదు. సంక్రాంతికి మన పిల్లలు కూడా గాలిపటాలు ఎగురవేస్తారు. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. చెట్టుకొమ్మకు చిక్కిన దారంలో రెక్క తెగి వేలాడే పక్షిని చూసినవారు మళ్ళీ దానిని కొనరు.

నిర్మల్ దగ్గర చించోలి వద్ద కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రాన్ని 2020 డిసెంబరులో ప్రారంభించారు. పట్టిన కోతులకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి తిరిగి అడవిలో వదలడం అక్కడి పద్ధతి. మన మూడు జిల్లాలకు ఒక్కటైనా అటువంటి కేంద్రం కావాలని మనం అడగాలి. పురపాలక సంఘానికి, అటవీ శాఖకు ఇవ్వవలసిన వినతిపత్రం సిద్ధంగా ఉన్నది. వజూఖానా దగ్గర బల్ల మీద పెట్టించాను. పక్క వీధి ఆలయ కమిటీ పెద్దలు కూడా సంతకం చేస్తామన్నారు, వారి సంతకాలకు పై వరుస ఖాళీగా ఉంచాము.

ముస్లిం నాటిన మొక్క నుంచి మనిషి గానీ పక్షి గానీ పశువు గానీ తిన్నదంతా అతని ఖాతాలో సదఖాగా నమోదవుతుందని బుఖారీ, ముస్లిం హదీసులలో ఉన్నది. రెండెకరాల మక్క చేను పోగొట్టుకున్న రైతుకు ఈ హదీసు వినిపించి చేతులు దులుపుకోకండి. అతనికి సోలార్ కంచెకు సాయం చేయండి. హదీసును మీ కోసం ఉంచుకోండి. ఖబ్రస్తాన్ వెనుక మన వక్ఫ్ స్థలంలో ఈ వానాకాలం మేడి, నేరేడు, రావి, జువ్వి నాటుదాం. అవి కాయడానికి సంవత్సరాలు పడుతుంది, అప్పటికి ఆ ఖబ్రస్తాన్‌లో మనలో ఎవరుంటామో అల్లాహ్‌కే ఎరుక.

మంగళవారం వచ్చిన ఆ ఇద్దరు యువకులు ఈ సఫ్‌లలోనే ఉన్నారు. వారు మందు సీసాను నా చేతికి ఇచ్చివేశారు. ఆదివారం జుహర్ తరువాత ఆ ఇంటి డాబాకు ఇనుప జాలీ బిగించాలి. వెల్డింగ్ తెలిసినవారు ఒకరు, చేయి సాయానికి నలుగురు కావాలి. ఇంటి ఆడవారు కొత్త మిరపకాయల కోసం తలా ఒక కిలో ఇస్తామన్నారు. అల్లాహ్ ఆ సోదరికి త్వరగా స్వస్థత ప్రసాదించుగాక, ఆమె తిరిగి తన కాళ్ళ మీద ఆ మెట్లు ఎక్కుగాక! ఆమీన్.