ఒక ప్యాకెట్టు, ఒక లీటరు

ఈ రోజు ఓఆర్ఎస్ కలిపే పద్ధతి గురించి మాట్లాడుకుందాం.

పోయిన ఎండాకాలం శంషాబాద్ ఎయిర్‌పోర్టు పక్క ఊరి నుంచి ఒక నానమ్మ మనవణ్ణి ఎత్తుకొచ్చింది. విరేచనాలు. ఓఆర్ఎస్ పట్టారా అని అడిగాను. "పట్టిన సిస్టరమ్మా. పెద్ద ప్యాకెట్టంతా ఒక్క గ్లాసుల కలిపిన, చిక్కగుంటే బలం గదా" అంది. ప్రేమతోనే చేసింది. బాబుకు మాత్రం విరేచనాలు పెరిగాయి, నాలుక పిడచగట్టింది.

నీళ్లలో ఉప్పు, గ్లూకోజ్ కరిగితే దాన్ని ద్రావణం అంటారు. ఎన్ని నీళ్లలో ఎంత కరిగిందన్నది గాఢత. లీటరుకు వేయాల్సింది 200 మిల్లీలీటర్ల గ్లాసులో వేస్తే గాఢత ఐదింతలవుతుంది. మాగాయకు మామిడి ముక్కల్లో ఉప్పు కలిపి ఉంచితే ఊట వస్తుంది కదా? ముక్కలోని నీటిని ఉప్పు బయటికి లాగింది. దీన్నే పుస్తకాల్లో ద్రవాభిసరణ అంటారు. చిక్కటి ఓఆర్ఎస్ కూడా ఒంట్లోని నీటిని అలాగే పేగులోకి లాగుతుంది. రక్తంలో ఉప్పు పెరిగితే ఫిట్స్ కూడా రావచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన లెక్క ప్రకారం లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. తూకంలో గ్లూకోజే ఎక్కువ. కానీ గ్లూకోజ్ కణం బరువైనది. కణాలను లెక్కపెడితే గ్లూకోజ్, సోడియం సమానం, లీటరుకు చెరి 75 మిల్లీమోల్స్. పేగు గోడ గ్లూకోజ్‌తో పాటు సోడియాన్ని లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరు వెళుతుంది. తీపి రుచి కోసం వేసింది కాదన్నమాట.

అందుకే రంగురంగుల తీపి డబ్బాలు దీనికి బదులు కావు. వాటి మీద ఓఆర్ఎస్ అని రాయకూడదని మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్లపాటు పోరాడారు. ఈ లెక్కకు సరిపోని పానీయాలకు ఆ పేరు వాడరాదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది.

ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్లని రాసి ఉందో ముందు చూడండి. చదవడం రాకపోతే మమ్మల్ని అడగండి, మొహమాటం వద్దు. 21 గ్రాముల పెద్ద ప్యాకెట్టయితే లీటరు వాటర్ బాటిల్‌తో కొలిచి, కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం ఒకేసారి కలపండి. చక్కెర, ఉప్పు, కూల్‌డ్రింకు ఏదీ కలపవద్దు. చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. 24 గంటలు దాటితే పారబోయండి.

బిడ్డ మగతగా ఉన్నా, ఆరు గంటలుగా మూత్రం పోయకున్నా, విరేచనంలో రక్తం పడినా రాత్రని చూడకుండా తీసుకురండి.