పడవ ఇంజను బజరు మ్రోగినప్పుడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయపు పండుగనాడు పడవ ఇంజనును గూర్చిన ప్రసంగమేమిటని కొందరికి సందేహము కలుగవచ్చును. తెలుగుదేశమున పడవయు గ్రంథాలయమును ఒకప్పుడు ఒక్కటిగనే నడచినవి. 1935లో పాతూరి నాగభూషణంగారి పూనికతో కృష్ణా కాలువపై కొల్లూరు, పెదవడ్లపూడిల నడుమ పడవ గ్రంథాలయము తిరిగినది. పుస్తకమును మోసిన పడవను గూర్చి పుస్తకాలయములో నాలుగు మాటలు చెప్పుకొనుట అప్రస్తుతము కానేరదు.

జనగామ ప్రాంతము మెట్ట నేల. అచ్చటివారికి పడవకంటె ఆయిలింజనే చిరపరిచితము. పల్లెలకు విద్యుచ్ఛక్తి రాకపూర్వము బావిగట్టున ఆయిలింజను డుగుడుగుమని కొట్టుకొనుచుండగా, రైతు చెట్టునీడన కునుకు తీయుచుండెడివాడు. దాని చప్పుడులో రవంత మార్పు వచ్చిన చాలును, ఉలికిపడి లేచెడివాడు. ఆ ఇంజనుకు హెచ్చరిక గంట ఆ రైతు చెవియే. పడవలో ఈ చెవి పనిచేయదు. ఇంజను పలకల క్రింద మూతపడి యుండును. పైన ప్రయాణికుల మాటలు, పిల్లల కేకలు, గాలి, నీటి హోరు. అందుచేత పడవవాని చెవికి బదులుగా బజరును, దాని ప్రక్కన ఎర్రదీపములను అమర్చినారు.

ఇందులో డీజిలు ఇంజను స్వభావము కొంత తెలియవలెను. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు నిర్మించిన ఇంజను 1897లో ఔగ్స్‌బర్గ్ నగరమున పరీక్షకు నిలిచినది. దీనికి నిప్పురవ్వ అక్కరలేదు. గాలిని గట్టిగా అదిమినచో అది వేడెక్కును. ఆ వేడిగాలిలోనికి చిమ్మిన నూనె తనంతట తానే అంటుకొనును. నూనెయు గాలియు అందుచున్నంతవరకు సామాన్యముగ ఈ ఇంజను ఆగదు. లోపల తనను తాను అరగదీసికొనుచున్నను, కాగి పగులుచున్నను తిరుగుచునే యుండును. బజరు కేవలము చెప్పును. సాధారణముగ ఇంజనును ఆపదు. ఆపవలసినవాడు మనుష్యుడే.

కాళేశ్వరము రేవులో ఈ మాటకు విలువ యెంతయో ఊహింపవచ్చును. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియు చోటు అది. వంతెన పడకమునుపు సిరొంచ వైపునకు దాటుటకు పడవయే ఆధారము. 2015లో గోదావరి పుష్కరములకును, 2022లో ప్రాణహిత పుష్కరములకును, 2025లో సరస్వతీ పుష్కరములకును అచ్చటికి జనము తండోపతండములుగ వచ్చినది. 2022 జూలైలో అదే గోదావరి ఉప్పొంగి కన్నేపల్లి పంపుహౌసును ముంచివేసినది. వానకాలములో అట్టి నదిమీద ఇంజను ఆగిన పడవకు తెడ్డు చాలదు.

ఏటిలోనే కాదు, వాగులలోను అంతే. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగినప్పుడు, చిక్కుపడిన జనమును హెలికాప్టర్లతోను పడవలతోను ఒడ్డు చేర్చవలసివచ్చెను. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లాలో కేసముద్రము, ఇంటికన్నెల నడుమ రైలుకట్ట వరదకు కొట్టుకొనిపోయెను. సహాయదళములవారి చిన్న పడవలకు సాధారణముగ పెట్రోలు ఇంజనులుండును గాని, జనమును మోయు పెద్ద లాంచీలకు డీజిలే.

ఇక అసలు విషయము. తాళపుచెవి త్రిప్పగానే, ఇంజను ఇంకను కదలకముందే, బజరు మ్రోగును. క్రొత్తవారు దీనిని చూచి బెదరుదురు. బెదరనక్కరలేదు, ఇంజను తిరుగనప్పుడు లోపల ఆయిలు ఒత్తిడి యుండదు గనుక అది మ్రోగుటయే న్యాయము. ఇంజను అందుకొని ఒత్తిడి పుట్టిన కొద్ది క్షణములకు బజరు ఆగును. తాళపుచెవి త్రిప్పినప్పుడు బజరు మ్రోగకపోవుటయే భయపడవలసిన సంగతి. ఫ్యూజు పోయినదో, వైరు ఊడినదో, బజరే చచ్చినదో చూచుకొనకుండ పడవను విప్పరాదు.

నడుచుచుండగా బజరు మ్రోగినచో ముందుగ ఏ దీపము వెలిగినదో చూడవలెను. ఆయిలు దీపమైనచో తాత్సారము పనికిరాదు. ఇరుసు బేరింగుల నడుమనున్న ఆయిలు పొర తెగినచో ఇనుము ఇనుమునే కొరుకును. నిమిషములలో ఇంజను బిగిసిపోవును. వెంటనే వేగము తగ్గించి, ఒడ్డునకో నిలకడ నీటికో త్రిప్పి, లంగరు వేసి ఇంజనును ఆపవలెను. నడియేటిలో వరద వడి ఉన్నప్పుడు ఆలోచింపక ఆపుట ఇంకొక ప్రమాదము. అచ్చట ఇంజనుకంటె ప్రాణములు ముఖ్యము, ఇంజను చెడినను పడవను గట్టెక్కించుటయే ధర్మము. ఈ నిర్ణయము యంత్రము చేయజాలదు.

ఆపిన పిమ్మట కొలతకడ్డీ తీసి చూడవలెను. ఆయిలు తక్కువైనచో పోయవలెను. అది ఎచ్చట కారినదో వెదకవలెను. గీతకు మించి యుండి పాలవలె తెల్లబారినచో లోనికి నీరు చేరినదని గుర్తు. డీజిలు వాసన కొట్టుచు పలుచబడినచో ఇంధనము కలిసినదని గుర్తు. ఈ రెండింటిలో ఏది కనబడినను మరల నడుపరాదు. ఇంజను బాగుగ కాగిన పిమ్మట నిదానముగ తిరుగునప్పుడు మాత్రమే బజరు మ్రోగి, వేగము పెంచగానే ఆగుచుండిన, ఆయిలు పలుచనైనదో, బేరింగులు అరిగినవో, స్విచ్చి చెడినదో కావచ్చును. దీనిని ఊహతో తేల్చరాదు. స్విచ్చి విప్పి, ఆ చోట ముల్లు తిరుగు ఒత్తిడి గేజి బిగించి చూచుటయే మార్గము.

వేడి దీపమైనచో పడవ వెనుక భాగమున పొగతోపాటు చల్లార్పు నీరు పడుచున్నదా లేదా చూడవలెను. నది నీటితో చల్లార్చు ఇంజనులలో చాలవరకు జబ్బు అచ్చటనే యుండును. ఘనపురము గణపసముద్రము వంటి చెరువులలో నాచు, ఆకులు. వరదనాటి గోదావరిలో ఒండ్రు, చెత్త. ఇవి నీరు పీల్చు జాలిని కప్పివేయును. జాలి శుభ్రముగ నున్నచో పంపులోని రబ్బరు రెక్కల చక్రమును చూడవలెను. నీరు లేక కొంతసేపు తిరిగినచో దాని రెక్కలు చిరిగిపోవును. ఆ ముక్కలు గొట్టములలో ఇరుకుకొనును. మరొక జాగ్రత్త: కాగిన ఇంజను నీళ్ల మూతను ఎన్నడును విప్పరాదు. మూత క్రింద ఒత్తిడిలోనున్న నీరు నూరు డిగ్రీలు దాటియు మరుగక యుండును. మూత వదలిన క్షణమున అది ఆవిరియై ముఖముమీదికి చిమ్మును.

బ్యాటరీ చార్జి దీపము ఒక్కటే వెలిగినచో తొందర లేదు. బెల్టు వదులైనదేమో చూచుకొనవచ్చును. దానివెనుకనే వేడి దీపము కూడ వెలిగినచో మాత్రము సంగతి వేరు. చాల ఇంజనులలో ఒకే బెల్టు ఆల్టర్నేటరును, లోపలి నీటి పంపును త్రిప్పును. రెండు దీపములు జంటగ వెలుగుట తెగిన బెల్టు చెప్పు సాక్ష్యము.

బజరు అబద్ధము చెప్పుటయు కలదు. కడ్డీలో ఆయిలు సరిగనే యుండి, ఇంజను చప్పుడు మామూలుగ నుండి, ఆయిలు దీపము వెలుగుచునే యున్నచో, ఇంజను ఆపి, చెవి త్రిప్పియుంచి, స్విచ్చి వద్ద వైరును ఊడదీసి చూడవలెను. వైరు ఊడినను మ్రోత ఆగకున్నచో ఆ వైరే ఎచ్చటనో ఒరిసి, తోలు చెడి, ఇంజను ఇనుమునకు తగులుచున్నదనుకొనవచ్చును. మ్రోత ఆగినచో వైరు మంచిది. తప్పు స్విచ్చిదో, నిజముగ ఒత్తిడిదో. స్విచ్చిదేయని తీర్మానించుకొనుట మానవ స్వభావము. ఏలననగా స్విచ్చి చవుక, ఇంజను ఖరీదు. గేజి బిగించి చూచువరకు ఆ తీర్మానము చెల్లదు.

ఇంతకంటె విచారకరమైన అలవాటొకటి కలదు. ప్రయాణికులు విసుగుకొందురని, బేరము చెడునని, బజరు వైరును కత్తిరించి టేపు చుట్టుట. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గుగనులున్నవి. గనిపనివారికి మండు వాయువు సంగతి తెలియును. 1815లో హంఫ్రీ డేవీ చేసిన రక్షణదీపమున మంటపై నీలికొన కనబడినచో గనిలో వాయువు పుట్టినదని తెలిసికొనెడివారు. తరువాత అందులకు మీటర్లు వచ్చినవి. నీలికొన కంటికి ఇంపుగ లేదని దీపమునకు గుడ్డ కప్పువాడు గనిలో ఒక్కడును ఉండడు. పడవపై మాత్రము ఆ పనిని తెలివియని భావించువారు కలరు. వైరు కోసిన పడవలో ఎక్కినవారికి ఆ సంగతి తెలియదు. టిక్కెట్టు కొన్న తల్లి ఒడిలోని బిడ్డకు అంతకన్నను తెలియదు.

కాబట్టి పడవ ఎక్కువారు కూడ ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. రేవులో చెవి త్రిప్పినప్పుడు బజరు వినబడినదా? వినబడకున్నచో నడుపువానిని మర్యాదగ, "అన్నా, బజరు మ్రోగలేదేమి?" అని అడుగవలెను. మంచి పడవవాడు కోపింపడు. అతని సీటు క్రింద రేకు పెట్టెలో ఒక బెల్టు, రబ్బరు చక్రమొకటి, రెండు ఫ్యూజులు, మూరెడు వైరు, ఒక నోటు పుస్తకము ఉండును. ఏ తేదీన ఏ దీపము వెలిగినది, కడ్డీలో ఆయిలు ఎంతవరకున్నది, ఏమి మార్చినది ఆ పుస్తకములో పెన్సిలుతో వ్రాసియుండును.